ఐదో ఆకు

ఎర్రగట్టుకు ఇవతల, మొగలివాగుకు అవతల ఉన్న అడవిలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి పొలిమేర వారిది. కుందేలు చింతతోపు దాటి కాలు పెట్టకూడదు. అడవిపంది ఈతపొదలు దాటకూడదు. నెమలి గట్టు దిగకూడదు. దాటితే కొట్లాటే. తాతల నాటి నుంచీ అంతే. ఎందుకని ఎవరైనా అడిగితే, "పుట్టావులే నువ్వొక్కదానివి తెలివైనదానివి" అని నోరు మూయించేవాళ్లు.

ఆ కట్టుబాటు ఒక్క నక్కకు మాత్రం లేదు. నక్క అందరికీ బావ. ఎవరి హద్దులోకి వెళ్లినా వరస కలిపి, మంచీచెడ్డా అడిగి, నవ్వుతూ దాటిపోయేది. అందుకని కబుర్లన్నీ దాని నోటనే నడిచేవి. దాని మకాం గట్టుకింద ఇరుకు కనుమ. అడవిలో అటువాళ్లు ఇటువాళ్లతో మాట్లాడాలంటే దగ్గరి దారి అదే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. నేను ముప్పై రెండేళ్లు టెలిఫోను తీగలు లాగిన మనిషిని. స్తంభాలెక్కాను, గుంతలు తవ్వాను, రెండుసార్లు కిందపడ్డాను. ఇప్పుడు మా వీధిలో ప్రతివాడూ ఫోను పైకెత్తి "ఇంటర్నెట్టు ఆకాశం నుంచి దిగుతుంది" అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆకాశం నుంచి దిగేది వాన. మీ ఫోను నుంచి పక్కనున్న టవరు దాకా మాట గాల్లో పోయే మాట నిజమే. ఆ తర్వాతంతా నేలలో, సముద్రం అడుగున పరిచిన తీగల మీద, చేయి మారుతూ పోతుంది. ఎలా మారుతుందో తీగల భాషలో చెబితే మీకు ఆవలింతలొస్తాయి. అందుకే నక్క సంగతి చెబుతున్నాను.

కిందటి వానాకాలం నక్క ఒక కబురు తిరగేసి చెప్పింది. "వాగు పొంగుతోంది, పిల్లల్ని పైకి తీసుకుపొండి" అని గట్టు మీది నెమలి పంపితే, అది కుందేలు దగ్గరికి "వాగు తగ్గుతోంది, కిందికి రండి" అని చేరింది. ఆ వానలో కుందేలు పిల్లలు రెండు మిగల్లేదు. వాటిలో ఒకదాని ఎముకలు నక్క కనుమలో కనపడ్డాయని తర్వాత తెలిసింది. అడిగితే, "నేను చెప్పింది సరిగానే చెప్పాను, మీ చెవులే సరిగా లేవు" అంది నక్క. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకుంటారు?

మొగలివాగు ఒడ్డున ఈరమ్మ అనే ముంగిస ఉండేది. మనిషి చిన్నది, మాట పదును. అంటే ముంగిసే అనుకోండి, మాటవరసకి మనిషన్నాను. అది ఆ రోజే పట్టుబట్టింది. పక్క హద్దు కుందేలుతో మాట్లాడింది. కుందేలు తన పక్కనున్న అడవిపందితో, పంది తన పక్కనున్న నెమలితో మాట్లాడాయి. అలా గట్టు అవతలి దాకా పాకిన ఏర్పాటు ఇది.

కబురు నోటితో వద్దు. మోదుగాకు మీద గోటితో గీద్దాం. పొడుగు కబురైతే ఒక్క ఆకు మీద ఇరికించవద్దు, ఎన్ని ఆకులైతే అన్ని. ప్రతి ఆకు పైనా మూడు సంగతులుండాలి. ఎక్కడికి పోవాలి, ఎక్కడి నుంచి వచ్చింది, మొత్తం ఎన్నింటిలో ఇది ఎన్నోది. చేతికొచ్చినవాడు పైన చూసి, తన పక్క హద్దువాడికి అందిస్తే సరి. పక్కవాడు లేకపోతే ఇంకోపక్క వాడికి అందించాలి. లోపల ఏముందో మోసేవాడికి అనవసరం. దారి మొత్తం ఎవరికీ తెలియనక్కర్లేదు, పక్కవాడెవరో తెలిస్తే చాలు.

"అన్ని ఆకులూ ఒకే దారిన రావాలా?" అని అడిగింది కుందేలు.

"అక్కర్లేదు. ఎటు వీలైతే అటు."

"ముందుది వెనకా వెనకది ముందూ వస్తే?"

"అంకె ఉందిగా. వచ్చాక పేర్చుకుంటాం."

"మధ్యలో ఒకటి రాకపోతే?"

"అదీ అంకే చెబుతుంది. రానిదాన్ని మళ్లీ పంపమంటాం."

కుందేలు కాసేపు చెవులు గోక్కుంది. "మరి నక్కబావను కలుపుకోవద్దు. కడుపుకోత నాది."

"కలుపుకుందాం" అంది ఈరమ్మ. "కనుమ దగ్గరి దారి. అయినా దారిలో ఒక్క చెడ్డవాడుంటే కూలిపోయే ఏర్పాటు ఏర్పాటేనా? అదీ చూద్దాం."

చూసే రోజు మాఘమాసంలో వచ్చింది.

కాటమ్మ అని ఒక గేదె. మంద నుంచి తప్పిపోయి వాగు ఒడ్డునే ఉండిపోయింది. నెమ్మదైనది, పది మాటలకు ఒక మాట. దానికి ఒక్కటే దూడ. ముందు ఈతల్లో రెండు పోయి మిగిలిన దూడ. ఆ పొద్దున మంచు ఆరని లేతగడ్డి ఆబగా మేసి దూడ పడిపోయింది. కడుపు డప్పులా ఉబ్బింది. కాళ్లు బిగదీసుకుని కళ్లు తేలేసింది.

"ఈరమ్మా, నా దూడ పోతోంది" అంది కాటమ్మ. ఏడవలేదు. 

"ఉబ్బరం మందు కొండముచ్చు తాత దగ్గరుంది" అంది ఈరమ్మ. "ఆకు రాద్దాం. తాత ఎక్కడుంటుంది?"

"ఎర్రగట్టు వెనకని విన్నాను. ఏ చెట్టో తెలియదు."

పేరు తెలిసినంత మాత్రాన ఆకు చేరదు. మా రోజుల్లోనూ అంతే, పేరు చెబితే ఫోను మోగేది కాదు, నంబరు కావాలి. అడవిలో ఎవరి మకాం ఎక్కడో గుర్తుంచుకునే పని వడ్రంగిపిట్టది. వాగు ఒడ్డునే ఎండిన టేకు మాను మీద కూర్చుని రోజంతా టకటకలాడుతుండేది. ఇద్దరూ దాని దగ్గరికి పోయారు.

"కొండముచ్చు తాతా? మొన్నటిదాకా నేరేడు చెట్టు మీద. అది గాలికి కూలింది. ఇప్పుడు గట్టు వెనక మూడో వాగు, రెండో బండ, తునికిచెట్టు. రాసుకోండి. పాత ఊహతో పంపితే ఆకు తిరిగొస్తుంది" అని, మళ్లీ తన పనిలో పడింది.

ఈరమ్మ ఒక ఆకు గీసింది. దూడకు ఉబ్బరం, మందు పంపు తాతా. పైన చోటు రాసి కుందేలు చేతిలో పెట్టింది. కుందేలు చింతతోపు చివరిదాకా ఒక్క పరుగు తీసింది. తోపు చివర నక్క కనుమ మొదలు. అంత దగ్గరి దారి ఇంకోటి లేదు. పిల్లలు గుర్తొచ్చి కుందేలు ఒక్క క్షణం తటపటాయించి, పళ్లు బిగబట్టి ఆకును నక్కకు అందించింది.

కుందేలు వెనక్కి తిరగ్గానే నక్క ఆకు లోపల చదివింది. చదవకూడదన్నది మిగతావాళ్లకు.

"గేదె దూడ. లేతమాంసం" అనుకుని మూతి నాకుకుంది. "ఈ ఆకు ఆపితే? మళ్లీ పంపుతారు, అనుమానం నామీద. ఇది పోనిద్దాం. మందు వచ్చేటప్పుడు చూద్దాం." ఆకును బుద్ధిమంతుడిలా అవతలి హద్దుకు అందించింది.

కొండముచ్చు తాత తొర్రలో ఆకులు దొంతరలు దొంతరలుగా ఉంటాయి. ఏ జబ్బుకు ఏ మందో, ఏ నెలలో ఏ కాయో. అసలు ఆకు ఎవరికీ ఇవ్వదు. అడిగినవాళ్లకల్లా చూసి గీసి నకలు పంపుతుంది. మీరు ఫోనులో ఏ పేజీ తెరిచినా జరిగేది ఇదే. అసలు ఎక్కడో ఒకరి తొర్రలో ఉంటుంది, మీరడిగితే నకలు వస్తుంది. ఆ తొర్రలూ ఆకులూ వెబ్బు. మధ్య దారులూ మోసే చేతులూ ఇంటర్నెట్టు. రెండూ ఒకటే అనేవాడు బస్సునూ రోడ్డునూ ఒకటే అంటాడు.

ఉబ్బరం మందు ఏడు ఆకులు. తాత గబగబా గీసి, ఎటు వీలైతే అటు వదిలింది. మూడు గట్టుమీద నెమలికి పోయాయి. రెండు పంది ఈతపొదల్లో పడ్డాయి. రెండు కనుమకు చేరాయి, ఒకటోదీ ఐదోదీ.

నక్క రెండూ చదివింది. ఒకటో ఆకులో దూడను ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టమని ఉంది. ఐదో ఆకు చదవగానే దాని కళ్లు మెరిశాయి. ఒకటోదాన్ని పంపించేసి, ఐదోదాన్ని నమిలి మింగింది.

పొద్దు నడినెత్తి దాటి వాలింది. వాగు ఒడ్డున, చింతతోపు హద్దు మీదున్న చదునుబండ మీద ఈరమ్మ ఆకులు పేర్చుతోంది. ముందు మూడోది వచ్చింది, తర్వాత ఏడోది, తర్వాత ఒకటోది. ఆరోది తెచ్చేసరికి కుందేలుకు నాలుక బయటికొచ్చింది. చివరికి ఆరు ఆకులు వరసలో కూర్చున్నాయి. నాలుగుకూ ఆరుకూ నడుమ బండ ఖాళీగా ఉంది.

నాలుగో ఆకులో ఇలా ఉంది. వాగు ఒడ్డున నల్లతీగ దుంప తవ్వి, మన్ను పోయేలా కడుగు. ఆరో ఆకులో, మూడు ముద్దలు చేసి దూడ నాలుక మీద పెట్టు.

చదివితే మాట అతికినట్టే ఉంది. తవ్వు, కడుగు, పెట్టు. అంకె లేకపోతే మధ్యలో ఒకటుందని ఎవరికీ తట్టదు. దుంప తవ్వి కడిగి ఉంచారు కూడా.

అప్పుడొచ్చింది నక్క, మొహం వేలాడేసుకుని.

"దూడకు బాగాలేదటగా మరదలా. వినగానే పరుగెత్తుకొచ్చాను. అయ్యో, ఎంత ఉబ్బిపోయిందో. మందు దగ్గరుంచుకుని పెట్టవేం?"

"ఒక ఆకు రాలేదు బావా. ఐదోది" అంది కాటమ్మ.

"ఆరొచ్చాయి కదా. కూరలో ఒక దినుసు తగ్గితే కూర కాకుండా పోతుందా? ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు."

"ఏడు రావాలి. ఆరొచ్చాయి."

"అబ్బా, ఐదో ఆకులో ఏముంటుంది, కడగటమే కదా ఉండేది. కడిగేశారుగా. పెట్టెయ్."

దూడ సన్నగా మూలిగింది. కాటమ్మ దూడను నాకింది. దుంప మూతి ముందే ఉంది. ఒక్కసారి ముద్ద చేసి నాలుక మీద పెడితే అయిపోతుంది. ఆ క్షణంలో దానికి నక్క మాట తల్లి మాటలా వినపడింది, అంతగా పెట్టాలనిపించింది. దుంప వైపు ఒక అడుగు వేసింది. బండ మీద ఖాళీని చూసింది. వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.

"పెట్టను" అంది. "నాకు వైద్యం రాదు. తాతకు వచ్చు. తాత ఏడు చెబితే ఏడూ వినే పెడతాను. ఈరమ్మా, ఐదోది మళ్లీ అడుగు."

"అడిగి అరగంటైంది అక్కా. కుందేలు తీసుకుపోయింది. ఒక్క ఐదోదే చాలు, మిగతావి అందాయని రాశాను."

నక్క కనుమ వైపు చూసింది. మళ్లీ ఆకు వస్తుంటే తను కనుమలో లేకపోవటమా? లేచి దులుపుకుంది. "సరే మరదలా, నాకు కాస్త పనుంది."

"కూర్చో బావా" అంది ఈరమ్మ. "పరామర్శకొచ్చినవాడు ప్రాణం తేలకముందే లేచిపోతే దూడకు కీడు. ఆ మాత్రం కట్టుబాటు నీకు తెలియదా? అందరికీ బావవి."

ఆ కట్టుబాటూ తాతల నాటిదే. కాదనే మొహం నక్కకు లేదు. కాటమ్మ అడ్డంగా వచ్చి నిలబడింది, కొమ్ములు కిందికి వంచి. నక్క కూర్చుంది. కూర్చుని తనకు తానే ధైర్యం చెప్పుకుంది. "రానీ. ఎటు తిరిగినా నా కనుమ దాటాలిగా. కనుమలో అందుకునేవాడు లేకపోతే ఆకు అక్కడే ఎండిపోతుంది."

అక్కడే అది బొక్కబోర్లా పడింది. దారంటే తన కనుమ ఒక్కటే అనుకుంది. అడిగే ఆకు కనుమ దగ్గరికొచ్చి, అందుకునేవాడు లేక, పంది వైపు మళ్లింది. తాత గీసిన ఐదో ఆకు కనుమ అవతల కాసేపు ఆగి, "బావ లేడు, ఇటివ్వు" అన్న నెమలి నోటికెక్కింది. నెమలి గట్టు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి ఎగిరి పందికిచ్చింది. పంది ముళ్లలోంచి దూసుకొచ్చి కుందేలుకిచ్చింది. దారి మూడింతలైంది. మోసినవాళ్లలో ఒక్కరు కూడా తమ హద్దు దాటలేదు.

పొద్దు గట్టుమీద వాలుతుండగా కుందేలు వచ్చి బండమీద పడింది. నోట్లో ఆకు. పైన గీత స్పష్టంగా ఉంది. ఏడింట్లో ఐదోది.

ఈరమ్మ పైకి చదివింది. "నల్లతీగ దుంప పచ్చిది విషం. అలాగే పెడితే దూడ దక్కదు. రాతిమీద నలగ్గొట్టి, పారే నీళ్లలో ఏడుసార్లు కడుగు. నురగ పోయి నీళ్లు తేటపడితేనే పెట్టు."

 కాటమ్మ బండ వైపు, దుంప వైపు, దూడ వైపు చూసింది. ఇందాక తను వేసిన అడుగు గుర్తొచ్చి దుంపను గిట్టతో దూరంగా నెట్టింది.

ఈరమ్మ మెల్లగా నక్క వైపు తిరిగింది. "కడగటమే కదా ఉండేదన్నావు బావా. ఐదో ఆకులో కడగటం గురించే ఉందని నీకెవరు చెప్పారు?"

"నేను... ఊహించాను."

"ఊహ మూతికి అంటుకుంది, తుడుచుకో."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నక్క చటుక్కున మూతి తుడుచుకుంది. పంజాకు ఏమీ అంటలేదు. అంటనవసరం లేదు, అందరూ చూశారు. కుందేలు లేచి నిలబడింది. చిన్న ప్రాణి, దాని కళ్లలోకి నక్క చూడలేకపోయింది.

కాటమ్మ కొమ్ము విసిరితే నక్క పని అప్పుడే అయిపోయేది. విసరలేదు. "నీ సంగతి తర్వాత" అంది. "ముందు దుంప."

రాతిమీద గిట్టతో నలగ్గొట్టింది. వాగులోకి దిగింది. ఒకసారి, రెండుసార్లు, నురగ పోలేదు. మూడు, నాలుగు. దూడ మూలుగు ఆగింది, కాటమ్మ వెనక్కి చూడలేదు. ఐదు, ఆరు. ఏడోసారి నీళ్లు తేటపడ్డాయి. మూడు ముద్దలు దూడ నాలుక మీద పెట్టి, ఏడో ఆకు చెప్పినట్టు పొట్ట మూతితో రాస్తూ కూర్చుంది. చీకటి పడేలోపు దూడ పెద్దగా తేన్చింది. ఆ తేన్పు విన్నాకే కాటమ్మకు ఏడుపొచ్చింది. ఈరమ్మ కూడా ముక్కు చీదుకుని, గడ్డి పరకలు పడ్డాయి కంట్లో అంది.

ఈలోపు నక్క జారుకుంది. మర్నాటి నుంచి దానికి ఆకులు అందించటం మానేశారు. కొట్టలేదు, తిట్టలేదు, కనుమ పక్కనుంచి తిప్పి పంపారు, అంతే. బావా అని పలకరించేవాళ్లు లేక కనుమలో ఒక్కటే కూర్చునేది.

ఎండాకాలం నడుమ జెముడు పొదలో దూరబోయి నక్క రెండు కళ్లలోనూ జెముడు పాలు కొట్టించుకుంది. కళ్లు మూసుకుపోయాయి. తడుముకుంటూ ఒక ఆకు మీద వంకరటింకరగా గీసింది. కొండముచ్చు తాతకు, కళ్ల మందు పంపు. ఇట్లు, కనుమ నక్క. పట్టుకుని తడబడుతూ చింతతోపు హద్దుకు పోయింది.

కుందేలు ఆకు పైన చూసింది. ఎవరి దగ్గర్నుంచో చూసింది. ఆకును అట్టే పట్టుకుని చాలాసేపు నిలబడింది. చివరికి పక్క హద్దుకు పరుగెత్తింది. ఏర్పాటు ఏర్పాటే.

మందు ఆరు ఆకులు. నక్క కళ్లు కనపడవు గనక చదునుబండ దగ్గరికే వచ్చి కూర్చుంది. ఈరమ్మ ఒక్కోటీ వచ్చినకొద్దీ పేర్చి చదివి వినిపిస్తోంది. పక్కన దూడ, ఇప్పుడు కొమ్ములు మొలుస్తున్న దూడ, నక్క తోకను వాసన చూస్తోంది.

"ఒకటి, రెండు, మూడు, ఐదు, ఆరు" అంది ఈరమ్మ.

నక్క మూతి ఎత్తింది. "నాలుగోదేది?"

"రాలేదు."

"మంట తట్టుకోలేకపోతున్నాను ఈరమ్మా. ఉన్నదానితో పూసెయ్యరాదూ?"

"ఆగు బావా" అంది కాటమ్మ, మేత మేస్తూనే. "నేను ఆగలేదూ?"

నక్క తల దించుకుంది. సన్నగా అడిగింది. "దారిలో ఎవరైనా మింగేసి ఉంటే?"

"మింగితే మింగనీ" అంది ఈరమ్మ. "మళ్లీ అడిగాం."

ముక్కలైన మాట చెడదు, ముక్కను మింగినవాడే చెడతాడు.